ఆరు గ్రాములు

పరకాల నుంచి డీసీఎం మీద వచ్చింది ఫియట్.
మా నాయిన కంటె రెండేండ్లు పెద్దది.
హెడ్డు విప్పి గేజి దించితె
మూడో సిలిండరు గుండ్రం మర్చిపోయింది,
కోడిగుడ్డు లెక్క.

"తక్కినయి మంచిగనే ఉన్నయి గదా" అన్నడు కారాయన.
యాకయ్య మిస్త్రీ బీడీని చెవి సందుల చెక్కుకొని
"అన్నిటి కంటె ఎక్కువ అరిగినదే
అందరి సైజు చెప్తది పటేలా" అన్నడు.
అరవై సైజు. నాలుగిటికీ.

కరెంటు పోతె గోడల మెట్టు పడ్తదని
శివనగర్ల రాత్రి రెండు దాటినంకనే కోత.
ఇనుప పొట్టు నా చెప్పులల్ల, చాయ గిలాసల,
తెల్లారి ఇంటికి పోతె తువ్వాలల గూడ.

కోయంబత్తూరు నుంచి పిస్టన్లు దిగినయి.
మూడు ఒక్క పోతవి. నాలుగోది ఏ పోతదో.
అరచేతిల పెట్టుకుంటె తేడ తెల్వది.
"చెయ్యినడిగితె ఏం జెప్తది, క్రాంకునడుగు.
నాలుగువేల చుట్లు తిరిగేటప్పుడు
ఆరు గ్రాములు నాలుగు కిలోల గుద్దైతది."

చౌరస్తా ఎనుక గల్లీల
ఉపేంద్రాచారి అద్దాలపెట్టె త్రాసు.
"బంగారం తూచె పళ్లెంల గివా?" అనుకుంటనే
పాత పంచె ముక్కతోని పళ్లెం తుడిచిండు.
రాడ్డు చిన్న తలకు దారం గట్టి ఏలాడదీసి
పెద్ద తలను పళ్లెం మీద ఆనిచ్చినం.
గురిగింజలు సాలక బియ్యపుగింజలు దెచ్చిండు.
దుకాణం మూసే యాల్ల ఎప్పుడో దాటింది,
ఆయన లేవలే.

బరువు పిస్టన్ లోపల, పిన్ను గూటి పక్కపొంటి
మిస్త్రీ ఆకురాయి ఆడిస్తుంటె
ఆచారి కింద కాయిదం పరిచిండు.
"ఇది అల్యూమినియం, ఆచారీ."
"తెల్సు. పొడి నేల పాలైతుంటె
నా పాణం ఊకోదు."

ఏది దేనికో నేనే చుక్కలు కొట్టిన.
ఒక చుక్క, రెండు, మూడు, నాలుగు.
రాడ్డు మూత ఇంకో రాడ్డుకు పోవద్దు,
పిస్టన్ ఇంకో గూడు తొక్కొద్దు.
రింగులు ఎక్కియ్యక ముందు
నూనె రాసిన మూడో దాంట్ల పిస్టన్ ఇడిస్తె
పడలే, ఆగలే.
నిద్ర పట్టే పిలగాని రెప్ప లెక్క
తన బరువుకు తానే దిగింది.

బండి పోయే రోజు
బిల్లు నేనిచ్చిన.
ఆచారి నడుసుకుంట వచ్చి
దారం గట్టిన పొట్లం ఇచ్చిండు:
"మీ సొమ్ము. ఆరు గ్రాములు. తూచుకోండ్రి."

కారాయన నవ్వుతడనుకున్న.
నవ్వలే.
అంగీ జేబుల పెట్టుకొని
గుండీ పెట్టుకున్నడు.