సెకనుకు ఒక అడుగు

ముషీరాబాద్‌లో షట్టర్ పూర్తిగా లేవకముందే
మస్తాన్ భాయి నా కోసం రెండు మోకాళ్ళు పక్కన పెట్టేవాడు.
"పాయా కే లియే క్యా, అమ్మా?" అన్నాడు మొదటి వారం.
తర్వాత అడగలేదు.
ఐసుముక్కల మధ్య మేక కీలు,
స్టీలు డబ్బాలో, నా ఒడిలో,
తార్నాక దాకా సిటీబస్సులో.
పక్కసీటావిడ మూతవైపు చూసి
"పచ్చడా?" అంది.
అవునన్నాను.

నేను చదివింది బరువు.
ఎవరు మోస్తారని కాదు,
మోసేటప్పుడు లోపలి కణానికి ఏం తెలుస్తుందని.
మృదులాస్థిలో నెత్తురు లేదు, నరం లేదు.
ముత్యపు రంగు గోడలో
ఒక్కో కణం ఒక్కో గూట్లో
మనం వేసే ప్రతి అడుగుకీ నలిగి
మళ్ళీ గుండ్రమవుతుంది.
ఆ నలుగుడే దానికి తిండి.
పనిలేక ఊరికే ఉంచితే చిక్కిపోతుంది.
ఇది చెప్పడానికి నాకు పద్నాలుగు పేపర్లు పట్టాయి.
ఊరంతా దాన్ని ఒక్క మాటలో అంటుంది:
గుజ్జు.

ఒత్తే యంత్రం కొనడానికి డబ్బు రాలేదు.
బాలానగర్‌లో, నంబరు చెరిగిపోయిన ఒక షెడ్డులో,
సోమాచారి లేత్ ఆపకుండానే నా బొమ్మ చూశాడు.
"ఒత్తేది దేన్నమ్మా?"
కణాన్ని. వెంట్రుక మందంలో పదో వంతు.
"గంత చిన్నదాన్ని గోస పెట్టుడెందుకు?"
అంటూనే అగ్గిపెట్టె వెనక కొలతలు రాసుకున్నాడు.
నెల తర్వాత పిస్టన్ తెచ్చి బల్లమీద బిగించాడు.
సెకనుకు ఒకసారి కిందికి, పైకి,
మనిషి నడక లెక్క.
చెవి ఆనించి విని
"నడుస్తున్నది" అన్నాడు.

ఒక మే నెలలో కరెంటు పోయి
పదకొండు వారాల కణాలు ఒక్క రాత్రిలో చచ్చాయి.
ఈ కొలతలు నమ్మలేమని ఎవరో రాశారు.
రెండేళ్ళు మళ్ళీ కొలిచాను.
ఇప్పుడు నమ్ముతున్నాం గానీ
ఇందులో కొత్తేముందని రాశారు.

పోయిన శ్రావణంలో ఆసుపత్రి నుంచి ఎర్రమూత సీసా వచ్చింది.
పేరు ఉండదు, అది నియమం.
పురుషుడు, అరవై ఎనిమిది, కుడి మోకాలు.
వృత్తి: లేత్ పని.
బాలానగర్‌లో లేతులు వందలు.
కుడికాలిమీదే బరువేసి నలభై ఏళ్ళు నిలబడ్డవాళ్ళు ఎందరో.
అడగలేదు. అడగకూడదు.

అరగకుండా మిగిలిన అంచునుంచి పలుచని ముక్క కోసి
పాత పిస్టన్ కిందే పెట్టాను.
జర్మనీ యంత్రం పక్కనే ఖాళీగా ఉంది.
"అది వద్దా మేడమ్?" అంది నిఖత్.
దీని చప్పుడు నాకు అలవాటు అన్నాను.

దీపాలార్పాం.
పది ఒత్తులకి ఏమీ లేదు. ఇరవైకీ లేదు.
నా మోకాలు బల్ల కింద ఒకసారి కలుక్కుమంది.
నలభై ఒకటో ఒత్తుకి
మూలనున్న కణం ఒకటి ఆకుపచ్చగా వెలిగింది,
తర్వాత దాని పక్కది కాదు, ఎక్కడో దూరాన ఇంకోటి,
ఒక్కో ఫేజే కరెంటొస్తున్న బస్తీలా.

"నడుస్తున్నది" అన్నాను, పైకే.
"ఏంటి మేడమ్?"
యంత్రం, అన్నాను.
నిఖత్ టైము రాసుకుంది.