ముట్టింది

కావలి బస్టాండు కార్గో కిటికీలో
పాత రేడియో డయలు అద్దాన్ని
మా నాన్న పంచెముక్కలో చుట్టి పంపించా,
మార్కాపురం మస్తాన్‌వలికి.
మనిషిని చూసింది లేదు, గొంతు విన్నానంతే:
"డబ్బులేసినా అన్నా, చూసుకో."

చూసుకున్నా. రాలా.
తొమ్మిది వందలు.
మూడు రాత్రులు ఫోను దిండుకింద పెట్టుకుని
దాని గురక నేనే విన్నా.
నాలుగో రాత్రి ఒక్క మాట కొట్టా: దొంగ.
కొట్టిన వేలితోనే చెరిపేశా.

పొద్దున గ్యాసుబండ దించుకుంటా మా ఆవిడ
"ఎవరో మస్తానంట, నాకేశాడు,
మీ చీటీ డబ్బులనుకుని దీనికిచ్చేశా" అంది.
నేనిచ్చిన నంబరు నాదే,
దానికి కట్టిన ఖాతా ఆమెది.
ఎప్పుడు కట్టానో నాకే గుర్తులేదు.

వాళ్ళూరి పలక మీదైతే
ఉమ్మి తడి చేసి అరచేత్తో రుద్దితే పోను.
ఇక్కడ చెరిపిన చోట
చెరిపేశారని రాసి ఉంటది.

దాని కిందే అతని వీడియో:
నా అద్దం వెనక పసుపుపచ్చ దీపం,
ముల్లు కదులుతా, గరగరలోంచి
ఎవరిదో పాట.
"ముట్టినయ్యా అన్నా?"

ఏం చెరిపావని అడగలా.
ముట్టినయ్, అని కొట్టా.
ఇంకేదో కొట్టబోయి
చాలాసేపు అట్నే పట్టుకోనున్నా.