హైమా దాటినంక

హైమాల డీజిల్ పోయించుకున్న.
పంపు కాడి మలయాళీ "ఎటు?" అన్నడు.
"పొద్దుగూకే దిక్కు."
నవ్వలేదు. రెండు నీళ్ళ సీసాలు
పైసలడగకుండ సీటు మీద పెట్టిండు,
ఎనుక పన్నెండు వేల లీటర్లున్నా.

తారు అయిపోయినకాడ బోర్డు లేదు.
సగం పూడ్చిన లారీ టైరు,
దాని మీద సున్నంతోని బాణం.
బాణం మొనను గాలి తినేసింది.

పక్కన ముసల్లం, హరాసీ ముసలాయన.
వయసెంతంటే
"రెండు వానల నడుమ పుట్టిన" అంటడు.
ఫోన్ల మ్యాపు చూపిస్తే మొఖం తిప్పుకొని
అద్దం దించి వాసన చూస్తడు.
"కుడికి" అంటడు. కుడికి ఏమీ లేదు.
ఎడమకూ లేదు. అయినా కుడికే.

నూట ఇరవై కిలోమీటర్లల్ల ఎదురైనయి:
ఒక ఒంటె బొక్కలు,
ఒక తుమ్మచెట్టు, దానికెవరో కట్టిన ఎర్రగుడ్డ,
నా గొంతు.

పొద్దు నెత్తిన ఉండంగ దిగబడ్డం.
రేసు ఇచ్చిన. అదే తప్పు.
ఈనిన బర్రె లెక్క ఇరుసు దాకా కూకుంది బండి,
ఇగ లేవనని.
చక్రాల గాలి తీసినం. తవ్వినం. గొంగళ్ళు పరిచినం.
గొంగళ్ళను మింగింది ఇసుక.

అప్పుడు ముసల్లం వాల్వు దిక్కు చూపిండు. "పొయ్యి."
నీళ్ళా?
మా కథలాపూర్‌ల బోరు
ఐదువందల ఫీట్లకు దుమ్ము కక్కిన నాడు
నాయిన ఆ దుమ్మును చిటికెడు తీసి
నాలిక మీద ఏసుకున్నడు.
నా చెయ్యి వాల్వు మీదనే ఆగింది.
"పొయ్యి. తడిసిన ఇసుక మాట వింటది."

పైపు పట్టుకొని చక్రాల ముందు చల్లిన,
వాకిట్ల సాన్పి చల్లినట్టు,
కొంచెం కొంచెం, పిసినారోలె.
బారెడు కదిలింది. మళ్ళ చల్లిన. ఇంకో బారెడు.
నీళ్ళతోని రోడ్డేసుకుంట పోతుంటే
ఏసింది ఏసినట్టే ఎనుక ఎండిపోయింది.
మాపటికి గట్టినేల తగిలింది.

మూడు గుడారాల కాడ సలీమా అనే పెద్దమ్మ
టాంకర్ల కట్టె ముంచి తీసి,
తడి ఏడికుందో చూసి
"తక్కువుంది" అన్నది.
ముసల్లం ఆమెకేదో చెప్పిండు.
మొదటి కాఫీ గిన్నె నాకే ఇచ్చింది.

తెల్లారి పొగమంచు.
సముద్రం నుంచి వస్తదట, ఇంత దూరం, నడుసుకుంట.
ఒంటెలు తుమ్మకొమ్మల తడి నాకుతున్నయి.

ఆఫీసు కాయితంల రాసిన:
లోటు, నాలుగు వేల లీటర్లు.
కారణం కాడ అరబ్బీ రాలే, ఇంగ్లీషు సాలలే.
తెలుగుల రాసిన:
దారికి దూపయింది.