అరవై నాలుగు

వెనక షాకు పోయిందని
ముందు నా నడుం చెప్పింది.
తర్వాత యారాడ కొండ చెప్పింది, రాయి రాయికీ ఆగి.
ఆఖర్న దేముడు చెప్పాడు.

దేముడంటే గుళ్లో ఉండేవాడు కాదు.
కాన్వెంట్ జంక్షన్ పక్క సందులో, రేకుల షెడ్డులో
బడిపిల్లల సైకిళ్లకి పంక్చర్లేసేవాడు.
నా బండికి మాత్రం చేతులు కడుక్కుని వస్తాడు.

రెండు బోల్టులు విప్పి
షాకుని నా అరచేతిలో పెట్టాడు.
సీలు పక్కన నల్లగా నూనె,
ఏడ్చిన కాటుకలా.
కడ్డీ మీద సన్న సన్న చుక్కలు. గోరుతో గీరితే గరుకు.
"మనూరి గాలికి పళ్లున్నాయమ్మా," అన్నాడు.

మరి కొత్తది?

గాలిది తేలిక.
పంపుతో నాలుగు పోట్లు కొడితే బిగుసుకుంటుంది,
ఒక్కసారి తుస్సుమనిపిస్తే మెత్తబడుతుంది.
కానీ సగం కొండ దిగేసరికి వేడెక్కి
మాట మారుస్తుందట.
స్ప్రింగుది బరువు. బండి భుజానేసుకుని
పైకెక్కేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి.
అయితే మొదటి రాయికీ నూరో రాయికీ
ఒకటే జవాబు.

మాట మార్చనిదే కావాలనుకున్నాను.
ధర విని నేనే మాట మార్చాను.
రాత్రి పక్క మీద బోర్లా పడుకుని, నడుం పట్టేసి,
మళ్లీ మార్చాను.

దేముడు వెర్నియర్ తీశాడు.
షిప్‌యార్డులో టర్నరుగా రిటైరైన వాళ్ల బావది,
ఫ్లానెల్ గుడ్డలో చుట్టి దాస్తాడు.
ఈ కంత నుంచి ఆ కంతకి రెండొందల నలభై మిల్లీమీటర్లు.
కుంగేది డెబ్భై ఆరు.
"ఒక్క నూలు తేడా వొచ్చినా
టైరెళ్లి సీటుకి ముద్దెట్టేస్తాది."

బెంగుళూరులో ఎవరో వాడి అమ్ముతున్నది దొరికింది.
స్ప్రింగు మాత్రం విడిగా కొనాలి, నా బరువుకి తగ్గట్టు:
మూడొందల యాభయ్యా, నాలుగొందలా?
"ఎంతుంటావు?"
"యాభై ఎనిమిది."
రాసుకోలేదు. పెన్సిలు చెవి మీద నుంచి తియ్యనే లేదు.
"సామాన్లన్నీ తగిలించుకునా?"

ఫిషింగ్ హార్బరు. తెల్లారి ఐదున్నర.
ఐసు కరిగి కాళ్ల కింద పారుతోంది.
హెల్మెట్టు, మోకాలి చిప్పలు, ఛాతీకి కవచం,
వీపున నీళ్ల సంచి, అన్నిటితో
కొమ్ముకోనేలు తూచే కాటా ఎక్కాను.
ఎవడో వేలం మొదలెట్టేశాడు:
"కేజీ మూడొందలు! మూడొందల పది!"
గట్టు గట్టంతా నవ్వింది.
మా అమ్మ ఎర్నమ్మ నవ్వలేదు.
కాటా ముందు ఆవిడ ఎప్పుడూ నవ్వదు.
ముల్లు ఊగడం మానేదాకా చూసి,
"అరవై నాలుగు," అంది.
"ఆరు కేజీలు ఎక్కడ దాసీసినావే గుంటా?"

దాచలేదమ్మా.
యాభై ఎనిమిది నా డిగ్రీ నాటి అంకె.
వినడానికి బావుందని ఉంచుకున్నాను.
ఆ తర్వాత కొండ ఎక్కీ ఎక్కీ
నా తొడల్లో కొంత కొండ చేరింది.
దాన్ని కలుపుకోలేదు.

"మోసీదానికి బరువు అబద్దం సెప్పకూడదే,"
అని చేపల గంపవైపు తిరిగింది.

నాలుగొందలు.
పది రోజులకి వచ్చింది, పాత చీరముక్క చుట్టుకుని,
పండు మిరపకాయ రంగులో.
బిగించి, గోడకి చెయ్యానించి కూర్చోమన్నాడు.
ఊపిరి బిగపట్టకు అన్నాడు, అది కూడా బరువే అన్నట్టు.
బడిపిల్లల స్కేలు పెట్టి చూశాడు.
మూడో వంతుకి కొంచెం తక్కువ కుంగాలి.
ఇరవై నాలుగు మిల్లీమీటర్లు.
"బాగానే కూచుంది," అన్నాడు. నా గురించో, దాని గురించో.

ఆదివారం యారాడ కొండ మీంచి దిగాను.
జీడిమామిళ్లు, ఎర్రమట్టి, కింద ఎక్కడో నీలంగా నీళ్లు,
ఆ మెలికలో ఆ పాత రాయి.
కొండ ఏదో అంది.
వెనక చక్రం విని, అక్కడే సర్దేసింది,
నడుం దాకా రానివ్వలేదు.

సాయంత్రం అమ్మ చేపల పొలుసు కడుక్కుంటూ
"ఎంతయిందే మొత్తానికి?" అంది.
ఆరు వేలు తగ్గించి చెప్పాను.

దానికి కాటా లేదుగా.