పైన ఎవరూ లేనివాళ్లు

సోమవారం పొద్దున్నకల్లా
"పెద్ద తలకాయల జాబితా" బల్ల మీద ఉండాలన్నాడు ఉర్రెహోలా.
వల్పరాయిసో రేవులో ఓడలకి
తాళ్లు, రంగులు, ఉల్లిపాయలు అమ్మే కంపెనీ మాది.
ఖాతాలు పదకొండు వేలు. అన్నీ క్లౌడ్‌లోనే.
ఆ వారమంతా రేవు కూడా మబ్బులోనే ఉంది.

ప్రతి ఖాతాకీ ఒక గడి: మాతృసంస్థ.
ఓడకి పైన ఏజెంటు, ఏజెంటుకి పైన శాఖ,
శాఖకి పైన కంపెనీ, దాని పైన
మనుషుల్లేని ఇంకో కంపెనీ,
పనామాలో ఓ పోస్టు డబ్బా.
చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే సంసారం.

కిందినుంచి ఎక్కబోయాను.
ఒక్క ప్రశ్నకి ఐదు మెట్లే ఎక్కనిస్తుంది యంత్రం.
మా వీధికి నూట అరవై రెండు.
గ్యాస్ బండ భుజాన వేసుకుని ఎక్కే కుర్రాడికి చెబితే
నవ్విపోతాడు.

టీలో విరిగిపడ్డ బిస్కట్టుని చెంచాతో వెతుక్కుంటూ
ఎదెల్మీరా అంది:
"ఎక్కడం దేనికే?
పైన ఎవరూ లేనివాళ్లెవరని అడుగు."

ఒక్క వాక్యం.
మాతృసంస్థ గడి ఖాళీగా ఉన్నవాళ్లు రండి.
ఖాళీ అంటే సున్నా కాదు.
సున్నా అని రాస్తే ఒక్కరూ రారు,
సున్నా కూడా ఒక జవాబే కదా.

తొమ్మిదిమంది వస్తారనుకున్నాను.
రెండువందల పద్నాలుగు మంది వచ్చారు.

నలభై ఓడల పరివారాన్ని గుమ్మం బయట నిలబెట్టి
హాంబర్గ్ మహాసంస్థ వచ్చింది.
దాని భుజం రాసుకుంటూ,
తల్లి దివాలా తీస్తే ఎవరో ఆమె పేరు చెరిపేశాక
తాడూ బొంగరం లేకుండా మిగిలిన శాఖలు,
శుక్రవారం సాయంత్రపు తొందరలో
ఎవరి పేరూ రాయకుండా మేం వదిలేసినవి.
యంత్రం కళ్లకి
మహారాజూ అనాథా ఒకే ఖాళీ.

రెండు రోజులు ఫోన్లు చేశాను.
"మీ పైన ఎవరండీ?"
ఒకామె కనుక్కుని చెబుతానంది. ఇంకా చెప్పలేదు.
ఒకడు లాయరు నంబరిచ్చాడు.

నూట డెబ్భై ఒకటోది లాంచా రొసాల్బా.
ఏడు మీటర్ల చేపల పడవ.
ఏడాదికి రెండు డబ్బాల రంగు, ఒక చుట్ట తాడు. బాకీ లేదు.
ఎలెవుతేరియో అనే ముసలాయన ఎత్తాడు.
వెనక ఇంజను దగ్గుతోంది.
"నా పైనా?"
తలెత్తి చూసినట్టున్నాడు, కాసేపు మాట లేదు.
"రెండు పెలికాన్లు. చేపల కోసం."

అనాథలకి తల్లుల్ని వెతికి, పోయినవాళ్లని తీసేసి
తెల్లారేసరికి పదిమందిని మిగిల్చాను.

పదో పేరు దగ్గర ఉర్రెహోలా పెన్ను ఆగింది.
"ఇదేంటి, పడవా?"
"మీరడిగిందే."
ఎదెల్మీరా కిటికీ వైపు తిరిగిపోయింది.
మబ్బు విడలేదు. కింద ఎక్కడో
హాంబర్గ్ వాళ్ల ఓడ దారి అడుగుతూ కూత పెడుతోంది.

చాలాసేపటికి అన్నాడు,
"రంగు... ఏ రంగు కొంటాడు?"

పసుపు, అన్నాను.