బుడగలు

ఎవరిస్తో మెడ మీద వేలు పెడితే
చిటపటమంది,
చర్మం కింద ఎవరో
అప్పడం నలిపినట్టు.

రాత్రి రెండున్నర. అంకోనా ఆసుపత్రి.
నిన్నటి ముఖం కాదిది.
రెప్పలు ఉబ్బి, దవడ మాయమై,
గొంతు గుంటలు పూడిపోయి
ఎవరో ఊది వదిలేసినట్టున్నాడు.

"గాలి దారి తప్పింది" అన్నాడు డాక్టర్ కొర్రాదీని.
తెర మీద గుండె చుట్టూ సన్నటి నల్లగీత.
కుడివైపు ఊపిరితిత్తి
తడిసిన చేతిరుమాలులా ముడుచుకుని ఓ మూల.
సగం వైరస్ చింపింది,
మిగతా సగం మనం పంపే గాలే.
పెంచితే చిరుగుతుంది,
తగ్గిస్తే ఆరిపోతాడు.

పక్కటెముకల మధ్య గాటు పెట్టి
గొట్టం దించాం.
బుస్సుమన్న గాలి
రెండు తొడుగుల మీంచి కూడా
నా ముంజేతికి వెచ్చగా తగిలింది.
సీసాలో నీళ్ళు తుళ్ళిపడ్డాయి.

పంచరైన ట్యూబుని తొట్టిలో ముంచి చూస్తారే,
అచ్చం అలాగే.
కాకపోతే ఇక్కడ అతికించే బంక లేదు.
కాచుక్కూచోవడమే.

అతను కాస్తెల్ఫిదార్దోలో
అకార్డియన్లకు తిత్తులు కట్టేవాడట,
నలభై మూడేళ్ళు.
కూతురు నివెస్ ఫోన్లో చెప్పింది.
అట్ట మడతలు, మూలలకు మేకతోలు, మైనం.
కొత్త తిత్తిని చెవికి ఆనించి
మెల్లగా నొక్కేవాడట.
సూదిమొనంత చిల్లున్నా
"ఇది అబద్ధమాడుతోంది" అని
పక్కన పెట్టేసేవాడట.

ఇప్పుడెలా ఉన్నాడు, అనడిగింది.
ఏం చెప్పాలో తెలీక
ఫోన్ తీసుకెళ్ళి సీసా పక్కన పెట్టాను.
బుడబుడబుడ. ఆగి, బుడ.
చాలాసేపు విన్నది.
"ఆ చప్పుడు నాన్న చెవిన పడనీకండి," అంది,
"సిగ్గుపడతాడు."

పదకొండు రోజులు.
మెడలో చిటపట భుజం దిగింది,
పొట్ట దాకా పాకింది,
అక్కడ ఇంకడం మొదలెట్టింది.
పూటపూటా నేను పెన్నుతో గీసిన హద్దులు
అతని ఒంటి మీద మిగిలాయి,
అల వెనక్కి పోయాక ఇసుకలో చారల్లా.

పన్నెండో తెల్లవారుజామున
సీసాలో చప్పుడు లేదు.

ముందు భయమే వేసింది.
గొట్టం పూడుకుపోయినా
ఇదే నిశ్శబ్దం.
మెలికలు వెతికాను, గడ్డలు వెతికాను,
మళ్ళీ మొదటినుంచి వెతికాను.
నీటిమట్టం అతని శ్వాసతో పాటు
పైకీ కిందికీ కదులుతోంది.
బుడగ మాత్రం రావట్లేదు.

నా డ్యూటీ అయిపోయి చాలాసేపయింది.
కుర్చీ లాక్కుని
సీసాకి చెవి ఆనించి కూచున్నా,
అబద్ధమాడుతోందేమోనని.

పక్క పడక దగ్గర ఇంకో సీసా
బుడబుడమంటూనే ఉంది.