కన్ను మూసిన పొర

ముప్పై మూడేళ్ళు కేజీహెచ్‌లో
ఎక్స్‌రే గది తాళంచెవి నాదే.
పేరు అడిగేదాన్ని, వయసు అడిగేదాన్ని,
గడ్డం పైకెత్తమనేదాన్ని.
"గాలి పీల్చండి. బిగబట్టండి. కదలొద్దు."
ఊరంతా నాకు నలుపు తెలుపుల్లోనే పరిచయం.
మొహాలు గుర్తుండవు,
విరిగి వంకరగా అతికిన భుజం ఎముక చూపిస్తే
ఎవరిదో చెప్పేస్తాను.

రిటైరయ్యాక చేతికొచ్చిన సెలవుల డబ్బుతో
జగదాంబ దగ్గర టాబ్లెట్ కొన్నాను, కలంతో సహా.
"మనవరాలికా అమ్మా?" అన్నాడు కొట్టువాడు.
అవునన్నాను.
అబద్ధానికి డిస్కౌంటు రాలేదు.

పాత పోస్టాఫీసు సందులో మా మేడ మీదికి
పోర్టు నుంచి బొగ్గుపొడి ఎగిరొచ్చి వాలుతుంది,
ఆరేసిన బట్టల మీద, పెరుగన్నం మీద.
గంటకోసారి పమిటకొంగుతో తెర తుడుస్తాను.
ఒక్కోసారి తుడుపుకే గీత పడుతుంది,
దాన్నలాగే ఉంచి ముక్కు చేస్తాను.

కింది వాటా ఇంతియాజ్
గేముల కంపెనీలో రాత్రి పని చేసి
పొద్దున్నే ఎర్రకళ్ళతో నాకు పాఠం చెబుతాడు.
"పొరలు ఆంటీ, ఒకదాని మీద ఒకటి.
పక్కన కన్ను గుర్తుంది చూడండి,
నొక్కితే ఆ పొర కనబడదు, కానీ ఉంటుంది."
నాకా చెబుతున్నావు నాయనా, అనుకున్నాను.

తప్పు గీతని వెనక్కి తీసుకునే బాణం కూడా ఉందట.
మొదటి నెల దాన్ని ముట్టుకోలేదు.
మనిషికి రెండో ఫిల్ము వాడితే
సంజాయిషీ రాసుకునే ఉద్యోగం నాది.

అందరూ బొమ్మని మొహంతో మొదలెడతారు,
నేను వెన్నుపూసతో మొదలెట్టాను.
పూసలన్నీ లెక్క తప్పకుండా,
పక్కటెముకలు, కటి, మోకాలి చిప్ప,
ఆపైన కండ, చర్మం,
చివర్న చీరో కవచమో.
నెల తిరిగేసరికి పదకొండు మంది తయారు:
ఒక రాకుమారుడు, ఇద్దరు మంత్రగత్తెలు,
రొయ్యమీసాల సేనాపతి, వగైరా.
ఇంతియాజ్ చాలాసేపు చూశాడు.
"ఎముక ఎక్కడా తప్పులేదు ఆంటీ, కానీ
అందరూ ఎక్స్‌రేకి నిలబడ్డట్టున్నారేంటి?"

నిజమే.
చేతులు పక్కకి, గడ్డం పైకి.
పాపం, సేనాపతి కూడా ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

మర్నాడు ఐదింటికే ఫిషింగ్ హార్బరుకి పోయాను.
తట్ట నెత్తికెత్తే ముందు నడుం ఎటు ఒరుగుతుందో,
బేరం తెగనప్పుడు మెడ ఎంత తిరుగుతుందో,
ఐసు పెట్టె మీద కూర్చుని టీ తాగేటప్పుడు
మోకాళ్ళు వాటంతటవి ఏం చేసుకుంటాయో చూస్తూ నిలబడ్డాను.
"ఏటమ్మా, సేపలు కొంటావా, మమ్మల్ని కొంటావా?"
ఆ గొంతుకి గుర్తొచ్చింది
గరికిన పోలమ్మ.

పడవ మీంచి జారి తుంటి విరిగి వచ్చింది అప్పట్లో.
పలక వేసి నాలుగు మరలు బిగించారు.
తడి ఫిల్ము దీపానికెత్తి నేను చూస్తుంటే
బల్ల మీంచే అడిగింది:
"అది నానేనేటి? బాగున్నానా?"
"కదలకు" అన్నాను.
బయట ఇంకా నలభై మంది వరసలో ఉన్నారు.

ఇప్పుడు గీస్తున్నది ఆమెనే. పేరు మార్చలేదు.
అరవై ఆరేళ్ళు, తెల్లజుట్టు ముడి,
గొడుగులా పట్టుకున్న టేకుచేప.
తుఫాను రాత్రుల్లో డాల్ఫిన్స్ నోస్ కొండకి తాడు కట్టి
పడవలకి అడ్డంగా లాక్కొస్తుంది.
చీర రంగు తేలడానికి నాలుగు రోజులు పట్టింది,
రంగులు ఎంచే పని ఎప్పుడు పడింది గనక నాకు?
చివరికి మిరపపండు ఎరుపు, పాచి రంగు అంచు.
ఎడమకాలి మీద బరువేసి
కుడి తుంటికి కాస్త సెలవిచ్చి నిలబడింది.

ఆ తుంటి కింద, అన్నిటికన్నా అడుగు పొరలో
పలక ఉంది, నాలుగు మరలున్నాయి.
కన్ను మూసి ఉంచాను.
ఇంతియాజ్‌కీ చెప్పలేదు.

రాత్రి. లైట్‌హౌస్ వెలుగు
గోడ మీద పడుతూ పోతూ ఉంది.
తెర మీద మళ్ళీ బొగ్గుపొడి.
తుడవబోయి ఆగాను,
ఆమె భుజానికి ఆ నలుపు నప్పింది.

బాగున్నావు పోలమ్మా.
ఇంక గాలి వదులు.